నాలుగో గుర్తు

మా పశువుల ఆసుపత్రిలో ఫోను పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది. కీళ్ళనొప్పుల మాత్ర తీసుకునే కుక్కల్లో కనిపెట్టి చూడాల్సిన గుర్తులు అందులో ఆరున్నాయి. టైపు చేసింది నేనే. వాంతులు, తిండి మానెయ్యడం, నీళ్ళు విపరీతంగా తాగడం, దొడ్డికి తారులా నల్లగా పోవడం, కళ్ళు పచ్చబడటం, లేవకుండా మందకొడిగా పడుండటం. నల్లటి విరేచనం నాలుగోది. వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా ముందు మాత్ర ఆపండి, తర్వాత మాకు ఫోన్ చెయ్యండి అని కింద పెద్దక్షరాల్లో కొట్టాను. ఆ కాగితానికి జానెడు దూరంలో కూచునే నేను హాల్వర్ నెస్‌కి మాత్ర వెయ్యమని చెప్పాను.

తొమ్మిదేళ్ళయింది. ఈ సంగతి మొత్తం మా డాక్టరుకీ, హాల్వర్‌కీ, నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎవరికీ చెప్పొద్దన్నది హాల్వరే. అదీ నా పరువు కోసం కాదు, తన పరువు కోసం. కిందటి శీతకాలం ఆయన పోయాడు. ఇక చెప్పొచ్చనుకుంటున్నాను.

హాల్వర్ మా నాన్న మేతభూములకి ఆవలి కంచె మనిషి. ఉత్తర మోంటానాలో గొర్రెలు మానేసి అందరూ గోధుమకీ ఆవులకీ మళ్ళిపోయాక కూడా గొర్రెల్ని వదలని నలుగురిలో ఒకడు. ఒకప్పుడు నాలుగొందల తల్లిగొర్రెలుండేవి, చివరికి నూట ఇరవై మిగిలాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "గొర్రెల ఈతల కాలంలో అడిగింది. తీరిక లేదన్నాను" అనేవాడు. ఆ అడిగినావిడ ఎవరో మా అమ్మ నలభై ఏళ్ళు కూపీ లాగినా తేలలేదు. ఆయన చేత నాలుగు మాటలు మాట్లాడించడం కంటే పొట్టేలు చేత పాలిప్పించడం తేలిక అని మా అమ్మ విసుక్కునేది.

మాట్లాడనివన్నీ రాసుకునేవాడు. చొక్కా జేబులో చిన్న ఎర్ర పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు ముక్క. గొర్రె వీపు మీద రంగుతో వేసిన నంబరెంత, ఏ రోజు ఈనింది, పిల్లలెన్ని, బతికినవెన్ని. మార్చిలో మొదలుపెడితే మే నెలకి పుస్తకం నిండేది. నిండినదాన్ని బూట్ల పెట్టెలో వేసి మరుసటి ఏడాదికి కొత్తది కొనేవాడు. ఆకాశం రంగు గురించి కూడా ఆయన మాట నమ్మొచ్చు గానీ, ముందు పుస్తకం తీసి చూసుకుని చెబుతాడు, అలాంటి మనిషి.

మా వైపు ఒక చట్టం ఉంది. ఎవరూ రాయలేదు, అందరూ పాటిస్తారు. చలికి కొయ్యబారిన గొర్రెపిల్లని వంటింట్లోకి తెచ్చి పొయ్యి పక్కన అట్టపెట్టెలో పడుకోబెట్టొచ్చు. అవసరమైతే సోఫా మీద కూడా. కుక్క మాత్రం గడప దాటకూడదు. మందకుక్క జాగా షెడ్డు. అది ఇంట్లో పడుకుంటే చెడిపోతుంది, దాన్ని పడుకోబెట్టినవాడు అంతకంటే చెడిపోయినట్టు లెక్క. పక్క ఊరి క్లిఫర్డ్ ఒకసారి, సున్నాకి ముప్ఫై కింద చలిలో, తన కుక్కకి పాత ఉన్ని కోటు కత్తిరించి తొడిగాడు. ఆ రోజు నుంచి కాఫీ హోటల్లో ఆయన పేరు 'అమ్మమ్మ'. ఆయన సమాధి దగ్గర కూడా ఒకడు నోరు జారి అమ్మమ్మ అనేశాడు. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

బెస్ హాల్వర్ మందకుక్క. నలుపూ తెలుపూ, ఒక చెవి నిలువు, ఒకటి వాలు. పదకొండేళ్ళది. ఆ ఏడు జనవరి చివర్లో ఆయన దాన్ని మా ఆసుపత్రికి తెచ్చాడు. పికప్ వెనక తలుపుకి చెక్కతో వాలు బల్ల చేసి, దాని మీద పాత తివాచీ మేకులతో కొట్టి ఉంది. బెస్ దాని మీదుగా పెళ్ళికూతురిలా నెమ్మదిగా దిగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఎక్కలేకపోతోంది?" అని డాక్టర్ రెన్నర్ అడిగింది.

హాల్వర్ పుస్తకం తీశాడు. "నవంబరు తొమ్మిది. మొదటిసారి ఎగరలేదు. పొద్దున్న లేచేటప్పుడు వెనక కాళ్ళు బిగుసుకుంటున్నాయి. మందని ఎడమకి తిప్పమంటే కుడినించి చుట్టూ తిరిగొస్తోంది."

డాక్టర్ దాన్ని నడిపించి చూసింది, చెవులు పట్టుకుని చూసింది, కీళ్ళన్నీ వంచి చూసింది, ఎక్స్‌రే తీసింది. రెండు తుంట్లూ, ఒక మోచెయ్యీ అరిగిపోయాయి. కీళ్ళవాతం. పోయేది కాదు, కానీ నొప్పి తగ్గించి నడిపించొచ్చు అంది. రక్తం తీసి కాలేయం, మూత్రపిండాలు బాగున్నాయని తేలాక మాత్రలిచ్చింది. రోజుకొకటి, తిండితో. రెండు వారాలకి మళ్ళీ రక్తపరీక్ష. ఆస్పిరిన్ గానీ, ఇంట్లో ఉన్న ఇంకే నొప్పి మందు గానీ కలపకూడదు. ఒళ్ళు పెరగనివ్వకూడదు. ఎక్కువ దూరం పరిగెత్తించకూడదు.

"దాన్ని వెచ్చగా ఉంచండి," అంది డాక్టర్ చివరగా. "సిమెంటు నేల మీద వద్దు. మెత్తటి పరుపు, గాలి తగలని చోటు. జారే నేలయితే కింద ఏదైనా పరవండి."

నేను కౌంటరు వెనకనుంచి అందుకున్నాను. "విన్నావా హాల్వర్? ఇవాళ పరుపంటారు, రేపు నీ మంచమంటారు. ఎల్లుండి నుంచి నువ్వు షెడ్డులో, అది ఇంట్లో."

అక్కడ కూచున్న ఇద్దరు నవ్వారు. హాల్వర్ చెవులు ఎర్రబడ్డాయి. "దాని జాగా షెడ్డే," అన్నాడు, నా వైపు చూడకుండా. తర్వాత మాత్రల సీసా వెలుతురుకి ఎత్తి చూస్తూ, "నా మోకాళ్ళకి పనికొస్తాయా ఇవి?" అని డాక్టర్ని అడిగాడు.

"పనికిరావు. మీరు మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి."

"ఆయన నా చెవులు పట్టుకుని చూడడు," అన్నాడు హాల్వర్. ఆయన నోట నేను విన్న పెద్ద హాస్యం అదే. నేను ఆరు గుర్తుల కాగితం ఇచ్చాను. నిలబడే మొత్తం చదివి, మడిచి, ఎర్ర పుస్తకంలో పెట్టుకున్నాడు.

"ఈ ఈతలు ఒక్కటి గట్టెక్కితే చాలు," అన్నాడు వెళ్తూ, తలుపు వైపు తిరిగి. "తర్వాత దాన్ని కూచోబెడతాను. అది లేకపోతే నేను గొర్రెల పని చెయ్యలేను, అమ్మాయ్." అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. మా నాన్న వయసు వాళ్ళకి నేనింకా అమ్మాయినే.

రెండు వారాలకి రక్తం మళ్ళీ బాగానే ఉంది. బెస్ బల్ల మీదనుంచి దిగకుండా పక్కనుంచి దూకబోతే హాల్వర్ అరిచి ఆపాడు. ఎడమకి తిరుగుతోందట. ఆయన మొహంలో సంతోషం కనబడిందని చెప్పలేను గానీ, ఆ రోజు టోపీ తీసి లోపలికొచ్చాడు. ఆ వారంలోనే ఆయన పికప్‌లో కింద రబ్బరున్న చిన్న తివాచీలు, స్నానాల గదిలో వేసేవి, ఆరేడు కట్ట కట్టి ఉండటం చూశాను. నీలం రంగువి. గొర్రెపిల్లలకి కాబోలనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. డాక్టర్ రెన్నర్ తూర్పు వైపు మనిషి. వచ్చిన కొత్తలో తల్లిగొర్రె పొదుగు ఏ వైపునుంచి పట్టుకోవాలో నేనే చూపించాను. ఈతల కాలంలో ఏ అనుమానమొచ్చినా, "మార్లిస్, ఇది మామూలేనా?" అని నన్నే అడిగేది. ఆ అడగడం నా తలకెక్కింది. కాగితం చదివి జవాబు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నచూపు. నేను గొర్రెల మధ్య పుట్టినదాన్ని, నాకు కాగితమెందుకు?

మార్చి మొదటి వారంలో ఈతలు మొదలయ్యాయి. ఆ ఏడు వాతావరణం నాకు మొదటినుంచీ నచ్చలేదు. రెండ్రోజులు వెచ్చటి గాలి వీచి మంచు మొత్తం కరిగింది. మూడో రోజు సున్నాకి దిగి ఆ నీళ్ళన్నీ గడ్డకట్టాయి. దారులన్నీ అద్దాలయ్యాయి. బాతులు ఉత్తరానికి వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ మా ఊరి మీదుగా దక్షిణానికి వెళ్ళిపోయాయి. వాటి అరుపులు వింటే నాకెందుకో పనిలో చెయ్యాడలేదు.

మంగళవారం పొద్దున్న పదింటికి ఫోను మోగింది. డాక్టర్ అరవై మైళ్ళ అవతల అడ్డం తిరిగిన దూడని లాగడానికి వెళ్ళింది. నా ముందు బుట్టలో ఒక పిల్లి కొంప మునిగినట్టు అరుస్తోంది.

"మార్లిసేనా?"

"నేనే. ఎవరూ?"

"హాల్వర్."

ఆ ఒక్క మాటకే నేను కుర్చీలో సర్దుకుని కూచోవాల్సింది. ఆ మనిషి జన్మలో ఫోను ఎత్తినవాడు కాదు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఒకసారి, గడ్డివాము అంటుకున్నప్పుడు ఒకసారి చేశాడని మా నాన్న చెప్పేవాడు. మా ఆసుపత్రికి అదే మొదటిసారి.

"ఏం హాల్వర్, మళ్ళీ వాము తగలబడిందా?"

"లేదు. బెస్. దొడ్డికి నల్లగా పోతోంది."

"ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దున్నుంచి. తారులా ఉంది. మీ కాగితంలో నాలుగోది."

నేను నవ్వాను. గొర్రెలున్న ఇంట్లో పుట్టినవాళ్ళెవరైనా నవ్వుతారు. ఈతల కాలంలో మందకుక్కలు షెడ్డంతా తిరిగి తల్లిగొర్రెలు ఈనాక వేసిన మాయలన్నీ ఏరుకు తింటాయి. ఆ నెత్తురంతా కడుపులోకి పోతే మర్నాడు నల్లగా రాక తెల్లగా వస్తుందా? మా నాన్న కుక్కలన్నీ అంతే. చిన్నప్పుడు చూసిందే, ఏటా చూసిందే.

"ఎన్ని ఈనాయి ఇప్పటికి?"

"నలభై రెండు."

"నలభై రెండు మాయలు! అందులో సగం దాని పొట్టలోకే పోయుంటాయి. ఇంకే రంగులో పోతుందయ్యా దానికి? యాభై ఏళ్ళు గొర్రెలు కాసి నన్నడుగుతావేంటి?"

"అది కాదు. అదీ..." ఆగాడు. "తిండి కూడా సగమే తింది."

"మాయ మెక్కి కూచున్నాక నీ పొడి మేత దానికెందుకు? నువ్వయితే తింటావా?"

"అది బయట..." మళ్ళీ ఆగాడు.

"బయట ఏంటి?"

"ఏం లేదు."

పిల్లి బుట్టలోంచి నా చొక్కా చెయ్యి పట్టుకుని పీకింది. నేను ఫోను మెడకీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, బుట్ట తలుపు మూస్తూ, "చూడు హాల్వర్, ఇంతింత దిగులు పడ్డావంటే ఆ క్లిఫర్డ్ కోటు నీకే తొడుగుతారు" అన్నాను.

బుట్టకి గడియ పెట్టాను.

"మాత్ర వెయ్యనా అయితే?" అన్నాడు.

"వెయ్యి. తిండితో."

"సరే. నీకు తెలుసు కదా."

ఫోను పెట్టేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారలేదు, తీరిగ్గా, ధీమాగా ఆ మాట చెప్పింది. గొర్రె మొహం ఎరగని పట్నం పిల్ల ఎవరైనా ఆ కుర్చీలో ఉంటే గోడ మీది కాగితం చూసి, ఆపండి, తీసుకురండి అని చదివేసేది. ఫోన్ల పుస్తకంలో కూడా రాయలేదు. సాయంత్రం డాక్టర్‌కి చెప్పి నవ్విద్దామనుకున్నాను, ఆమె వచ్చేసరికి మరిచిపోయాను.

బుధవారం దాణా బండి లాయిడ్ వచ్చాడు. కౌంటరు మీద మోచేతులు ఆనించి, ఊరి కబుర్లన్నీ దించుతూ, "హాల్వర్ ఏంటి, తనే బకెట్లో గింజలు గలగల్లాడిస్తూ గొర్రెల్ని పిలుచుకుంటున్నాడు? ఆ మంచు మీద, ఆ మోకాళ్ళతో. కుక్క కనబళ్ళేదు" అన్నాడు.

"ముసలిదయింది. షెడ్డులో పడుకునుంటుంది," అన్నాను.

"షెడ్డులో దాణా దింపింది నేనే. లేదు."

నేను మాట మార్చాను. ఎందుకు మార్చానో నాకప్పుడు తెలియదు. ఆ రోజంతా ఫోనెత్తినప్పుడల్లా ఆ కాగితం కళ్ళబడుతూనే ఉంది. చివరికి దాని మీద కాలెండరు తగిలించాను.

గురువారం సరుకుల కొట్లో మరో కబురు. హాల్వర్ నెస్ బియ్యం కొన్నాడు. బియ్యం, ఒక కోడి. డెబ్బై రెండేళ్ళుగా బంగాళాదుంప తప్ప ఎరగని మనిషి.

"పెళ్ళి కుదిరినట్టుంది," అంది కొట్టమ్మాయి. "ఈసారి ఈతల కాలంలోనే తీరిక చేసుకున్నాడు."

వెనక వరసలో వాళ్ళంతా నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. కడుపు బాగాలేని కుక్కకి ఉడికించిన కోడీ అన్నమూ పెట్టమని చెప్పేది మేమే. ఇంటికెళ్ళి ఫోను చేద్దామని చెయ్యి పెట్టాను. చేసి ఏమనాలి? మొన్న నేను చెప్పింది తప్పేమో అనాలి. అనుమానం ఉంది గానీ, అనడానికి మనసొప్పలేదు. ఈతల కాలంలో ఆయన పగలంతా షెడ్డులోనే ఉంటాడు, ఫోనెత్తడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. రేపు డాక్టర్‌తో అంటే సరి అనుకున్నాను. చూశారా, అప్పటికీ రేపే.

శుక్రవారం మధ్యాహ్నం హాల్వర్ వచ్చాడు. వాలు బల్ల దింపలేదు. దుప్పట్లో చుట్టిన బెస్‌ని రెండు చేతుల మీదా మోసుకుని, ఆ మంచు మీద మోకాళ్ళు వంచకుండా నడుచుకుంటూ వచ్చాడు. నేను పరుగెత్తి తలుపు తీశాను. ఆయన నా పక్కనుంచి లోపలికెళ్తుంటే వాసన తగిలింది.

సబ్బు వాసన. పొయ్యి మీద కాచిన కోడి పులుసు వాసన.

ఈతల కాలంలో మందకుక్క వాసన మాకు తెలుసు. పచ్చి నెత్తురు, అయోడిన్, తడి ఉన్ని. మూడు గదుల అవతలికి కొడుతుంది. బెస్ కాళ్ళ తెల్లబొచ్చు పాలలా ఉంది. గోళ్ళ మధ్య పిసరంత పెంట లేదు. ఆ కుక్క రోజుల తరబడి షెడ్డు గడప తొక్కలేదు.

డాక్టర్ పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు కాగితంలా ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి పెడితే బెస్ మూలగలేదు, కళ్ళు మాత్రం హాల్వర్ వైపు తిప్పింది. "ఎన్ని రోజుల నుంచి?" అంది డాక్టర్, గొంతు తగ్గించి.

ఆయన దుప్పటి వదలకుండా, రెండు వేళ్ళతో జేబులోంచి పుస్తకం లాగి ఆమెకిచ్చాడు. ఆమె పైకే చదివింది.

"సోమ. నలుపు. తిండి సగం. మంగళ. నలుపు, తారులా. ఫోన్ చేశాను. మార్లిస్, మాయ తిన్నది, మాత్ర వెయ్యి. వేశాను. బుధ. నలుపు. వాంతి ఒకసారి. వేశాను. గురు. నలుపు. తినలేదు. అన్నం, కోడి, రెండు ముద్దలు. వేశాను."

డాక్టర్ తలెత్తి నన్ను చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసుంటే బాగుండేది. తర్వాత ఆయన్నడిగింది. "మాయలు తిన్నదా మరి?"

"లేదు."

"కచ్చితంగా?"

"షెడ్డుకి పోలేదు. ఆ వెచ్చటి గాలి పోయి నీళ్ళు గడ్డకట్టాయి చూడండి, ఆ రోజు నుంచీ వంటింట్లోనే ఉంది. వెచ్చగా ఉంచమన్నారు కదా. జారకుండా పరవమన్నారు. పరిచాను."

"మరి ఆ మాట ఫోన్లో చెప్పలేదేం, హాల్వర్?"

ఆయన టోపీ కిందనుంచి చెవులు ఎర్రబడటం చూశాను, జనవరిలో చూసినట్టే. దుప్పటి అంచు సర్దుతూ అన్నాడు. "వంటింట్లో ఉందని చెప్పాల్సొస్తుంది కదా."

కడుపులో పుండు పడి, పగిలింది. మాత్ర వల్ల కొన్ని కుక్కలకి అలా అవుతుంది, అన్నిటికీ కాదు. అయితే ముందు కనబడేవే ఆ గుర్తులు. సోమవారమో మంగళవారమో ఆపుంటే కడుపుకి మందిచ్చి నిలబెట్టే వీలుండేదని డాక్టర్ తర్వాత నాతో అంది. శుక్రవారానికి ఆపరేషనంటే నూట ముప్ఫై మైళ్ళు, గడ్డకట్టిన దారి. బెస్ ఊపిరి అప్పటికే చిన్నదయిపోయింది. హాల్వర్ దాని వాలు చెవిని నిలువు చెవిలా ఎత్తి పట్టుకుని, వదిలేసి, తలూపాడు. డాక్టర్ బాధ లేకుండా పోయే సూది వేసింది. ఆయన దుప్పటితో సహా దాన్ని తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళాడు. నా ముందునుంచి వెళ్తూ, "వస్తానమ్మాయ్" అన్నాడు. ఎప్పుడూ అనేదే. నేను ఆ కుర్చీలోనే కూచుని, కాలెండరు తీసి పక్కన పెట్టాను.

ఆదివారం వాళ్ళింటికెళ్ళాను. షెడ్డులో ఉంటాడనుకున్నాను. వంటింట్లో ఉన్నాడు. తలుపు తట్టగానే తెరవలేదు, లోపల ఏదో సర్దుతున్న చప్పుడు. తెరిచాక చూశాను, సర్దలేకపోయాడు. పొయ్యి పక్కన కుక్క పరుపు. దాని పక్కనే, నేల మీద, ఆయన పరుపు. మంచం మీదనుంచి దింపి తెచ్చుకున్నాడు. పొయ్యి దగ్గర్నుంచి నీళ్ళగిన్నె దాకా, అక్కణ్ణుంచి తలుపు దాకా, నున్నటి నేల మీద నీలం తివాచీలు ఒకదాని వెనక ఒకటి బాటలా పరిచి ఉన్నాయి.

ఆయన నా చూపు పోయిన చోటల్లా చూసి, కాఫీ కాచడానికి అటు తిరిగాడు. ఇంట్లో ఉన్న రెండో కప్పు దించి, తుడిచి, నాకిచ్చాడు.

"తప్పు నాది హాల్వర్," అన్నాను. ఆ మాట అనడానికి అరగంట ప్రయాణం, నిద్రలేని రెండు రాత్రులు పట్టాయి నాకు.

ఆయన కప్పులోకి చూస్తూ కూచున్నాడు. "నువ్వు నీకు తెలిసింది చెప్పావు. నేను నాకు తెలిసింది చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు? ఒక్క ముక్క. వంటింట్లో ఉందంటే నేను వెంటనే..."

"నవ్వుతావనుకున్నాను."

అంతే అన్నాడు. ఏడవకూడదనుకుని వెళ్ళాను, ఆయన వంటింట్లో కూచుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, అది ఆయనకి చేతకాదు. లేచి నా కప్పులో మళ్ళీ కాఫీ పోశాడు. వచ్చేటప్పుడు గడపలో నిలబడి, "కాఫీ హోటల్లో అనకు, అమ్మాయ్" అన్నాడు. "కుక్క పోయిందని చెప్పు, పర్లేదు. వంటింటి సంగతి అనకు."

అనలేదు. కుక్క ముసలిదై పోయిందన్నాను. ఆ ఈతలు ఆయన బకెట్టు గలగల్లాడిస్తూనే పూర్తి చేశాడు. ఆ ఆకురాలే కాలంలో నూట ఇరవై గొర్రెలూ అమ్మేశాడు. మోకాళ్ళు అని చెప్పుకున్నాడు, అందరూ నమ్మారు. మరో కుక్కని తెచ్చుకోలేదు.

నేను అదే కుర్చీలో ఉన్నాను. ఇప్పుడు ఎవరు కుక్క గురించి ఫోను చేసినా, గుర్తులడగడానికి ముందు, "అది ఎక్కడ పడుకుంటోంది?" అని అడుగుతాను. కొందరు తడబడతారు. షెడ్డులో అంటారు, ఆగుతారు. నేనూ ఆగుతాను. ఆగితే చాలామంది చెబుతారు, గొంతు తగ్గించి, పక్కన ఎవరో వింటున్నట్టు.

కిందటి జనవరిలో హాల్వర్ పోయాక, ఇల్లు ఖాళీ చెయ్యడానికి ఆయన తమ్ముడి కోడలితో నేనూ వెళ్ళాను. ఆయన పరుపు మళ్ళీ మంచం మీదికెళ్ళిపోయింది, కుక్క పరుపు లేదు. నీలం తివాచీలు మాత్రం అలాగే ఉన్నాయి, పొయ్యి నుంచి గిన్నె ఉండే చోటికి, అక్కణ్ణుంచి తలుపు దాకా. ఆ అమ్మాయి వంగి ఒకటి ఎత్తి, "ఇవి కొత్తవిలా ఉన్నాయే, ఎవరూ తొక్కలేదా?" అంది. తొక్కలేదు. వాటి పక్కనే నేల మీద, పొయ్యి నుంచి తలుపు దాకా, తొమ్మిదేళ్ళు ఒక మనిషి పక్కనుంచి తిరిగి తిరిగి అరగదీసిన చార ఉంది. తివాచీకి అంటుకున్న తెల్ల బొచ్చు ఆమె దులపబోతుంటే, నాకివ్వమని తీసుకున్నాను.